మాకరోని గొట్టం కాని రోజులు

కిరాణా కొట్టులో మాకరోని అడిగితే వంగిన పొట్టి గొట్టాల ప్యాకెట్ చేతికిస్తారు. ఆ పేరుతో మనకు తెలిసిన వస్తువు అదొక్కటే. జర్మనీలో అదే మాట అంటే జానెడు దాటిన పొడవుతో తిన్నగా ఉండే సన్న గొట్టాలు. గ్రీసు, టర్కీ, రష్యా, అరబ్బు దేశాల్లో పాస్తా ఏ రూపంలో ఉన్నా దాదాపు ఆ మాటే చెల్లుతుంది. ఏ రకం కావాలో విడిగా చెప్పుకోవాలి. ఇక ఇటలీలోనే, అబ్రుత్సో ప్రాంతపు 'కితార్రా మాకరోని' అసలు బోలుగానే ఉండదు. చెక్క చట్రానికి వరసగా బిగించిన తీగల మీద పిండి పలకను పరిచి, పైన అప్పడాల కర్ర నొక్కి దొర్లిస్తే తెగి కింద పడే నలుపలకల పోగులవి. మార్కే ప్రాంతంలోని కాంపోఫిలోనే ఊరి 'మాకరోన్చీని' గుడ్లతో కలిపిన పిండిని మిల్లీమీటరు మందం కూడా లేకుండా పరిచి కోసిన దారాలు. సార్డీనియాలో చారల పలక మీద బొటనవేలితో ఒత్తి తీసిన చిన్న ఉండలనూ 'మకర్రోనెస్' అనే పిలుస్తారు.

ఇన్నిటికీ ఒకే పేరేమిటని అడిగితే, గొట్టమే అసలు అర్థమనీ మిగతావన్నీ తర్వాత పుట్టిన వాడుకలనీ చాలామంది చెబుతారు. పాత రాతలను కాలం వరసన పెట్టి చూస్తే ఆ వాదం నిలవదు. మొదట్లో ఈ పేరుకు ఆకారంతో పట్టింపు లేదు. గోధుమపిండి ముద్దను ఏదో ఒక రూపానికి తెచ్చి, ఉడకబెట్టి, చీజ్ తురుము చల్లి తినే పదార్థం ఏ ఊళ్లో ఎలా ఉంటే అదే ఆ ఊరి మాకరోని. గొట్టం అన్న అర్థం గట్టిపడింది చాలా తర్వాత, పిండిని అచ్చులోంచి ఒత్తే యంత్రాలు వచ్చాక.

పెట్టెలో ఉన్నదేమిటి?

ఎండబెట్టిన పిండిపోగులు ఇటలీలో పాత సరుకే. అరబ్బు భూగోళ పండితుడు అల్ ఇద్రీసీ 1154లో పూర్తి చేసిన భూగోళ గ్రంథంలో, సిసిలీలోని పలెర్మో దగ్గరి త్రబియా ఊళ్లో 'ఇత్రియా' పెద్ద ఎత్తున తయారవుతుందనీ, దక్షిణ ఇటలీలోని కలాబ్రియాకూ, ముస్లిం, క్రైస్తవ దేశాలకూ ఓడల్లో వెళుతుందనీ రాశాడు. ఇత్రియా అరబ్బీ మాట. మాకరోని అన్న పేరుతో సరుకు కనిపించే పాత పత్రాల్లో బాగా పేరుపడ్డది జెనోవా నగరానిది. 1279 ఫిబ్రవరి 4న ఊగొలీనో స్కార్పా అనే నోటరీ, పొన్జియో బస్తోనె అనే సైనికుడి ఆస్తుల జాబితా రాస్తూ 'మాకరోని నిండిన పెట్టె ఒకటి' అని పద్దు వేశాడు.

ఈ ఒక్క పద్దు నుంచి ఎన్నో ఊహలు అల్లారు. గట్టిగా తేలేవి రెండే. పెట్టెలో దాచారు కాబట్టి అది ఎండినది, నిల్వ ఉండేది. ఆస్తుల్లో రాశారు కాబట్టి లెక్కలోకి తీసుకోదగ్గ విలువ దానికి ఉంది. అది గొట్టమా, పోగా, బిళ్లా అన్నది నోటరీ రాయలేదు. రాయాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదంటే, ఆ ఊరివాళ్లకు పేరు చెబితే చాలునన్నమాట. మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడన్న కథను కొట్టిపారేయడానికి మాత్రం ఈ తేదీ సరిపోతుంది. ఆయన వెనిస్‌కు తిరిగొచ్చింది 1295లో.

ఆ తర్వాతి సాక్ష్యం సాహిత్యంలో ఉంది. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ రచయిత బొక్కాచో కథల సంపుటి 'డెకామెరాన్'లో, ఎనిమిదో రోజు మూడో కథలో, కలంద్రీనో అనే అమాయకుణ్ని నమ్మించడానికి ఒకడు బెంగోది అనే దేశాన్ని వర్ణిస్తాడు. అక్కడ తురిమిన పార్మెజాన్ చీజ్‌తో ఏర్పడిన కొండ ఉంది. దాని మీద జనం పగలూ రాత్రీ మాకరోని, రవియోలి (లోపల కూరిన పాస్తా) చేసి, కోడి రసంలో ఉడికించి, కిందికి విసురుతుంటారు. ఎవరికి ఎన్ని దొరికితే అన్ని. పొడవాటి గొట్టాలను ఊహించుకుంటే ఈ దృశ్యం కుదరదు. చీజ్ పొడిలో దొర్లుతూ, ఒంటికి పొడి అంటించుకుంటూ కొండ దిగాలంటే అవి ఉండలై ఉండాలి. ఇప్పుడు 'న్యోక్కి' అనే పిండి ఉండలకే ఆ రోజుల్లో మాకరోని అన్న పేరు ఉండేదని ఆహార చరిత్రకారులు చెప్పే మాటకు ఈ కథ బాగా సరిపోతుంది.

సుమారు 1390 నాటికి ఈ పేరు ఇంగ్లండ్ చేరింది. రెండో రిచర్డ్ రాజు వంటవాళ్లు కూర్చిన 'ఫార్మ్ ఆఫ్ క్యూరీ'లో 'మకరూన్స్' అనే వంటకం ఉంది. పిండిని పల్చటి రేకుగా పరిచి, ముక్కలు కోసి, మరిగే నీళ్లలో బాగా ఉడికించాలి. తురిమిన చీజ్‌నూ వెన్ననూ ముక్కల కిందా పైనా వేసి వడ్డించాలి. అంతే. ఇందులో ఉండా లేదు, గొట్టమూ లేదు. కోసిన పలక ముక్కలు మాత్రమే.

అసలు చిక్కు విడిపోయేది 1460ల ప్రాంతంలో మార్తీనో ద కోమో రాసిన వంట పుస్తకంలో. ఆయన రెండు మాకరోనిలు చెప్పాడు. 'రోమ్ మాకరోని' చేయడానికి లసాన్యా అనే వెడల్పాటి పాస్తా రేకు కంటే కాస్త మందంగా పిండి పలకను పరిచి, కర్రకు చుట్టి, కర్రను బయటికి లాగి, ఆ చుట్టను చిటికెనవేలి వెడల్పున కోయాలి. విప్పితే పట్టీలు. 'సిసిలీ మాకరోని'కి మేలురకం పిండిని గుడ్డు తెల్లసొన, గులాబీ నీరు, మామూలు నీళ్లతో గట్టిగా కలపాలి. జానెడు పొడవున, గడ్డిపోచంత సన్నగా పేనాలి. పురికొసంత సన్నని ఇనుప తీగను దాని మీద పెట్టి, రెండు చేతులతో బల్లమీద దొర్లించి, తీగను లాగేస్తే నడుమ బోలుగా మిగులుతుంది. వీటిని ఎండలో ఎండబెడితే రెండు మూడేళ్లు నిల్వ ఉంటాయని కూడా చెప్పాడు.

ఒకే పుస్తకం, ఒకే పేజీల్లో, ఒకే పేరుతో పట్టీ, గొట్టం రెండూ ఉన్నాయి. మార్తీనోకు ఇందులో గందరగోళమేమీ లేదు. ఎందుకంటే రూపం చెప్పే భారాన్ని ఆయన మాకరోని అన్న మాట మీద పెట్టలేదు, పక్కనున్న ఊరి పేరు మీద పెట్టాడు. వందేళ్ల తర్వాత, 1570లో, కాథలిక్ మతాధిపతులైన పోప్‌ల వంటవాడు బర్తొలొమేయో స్కాప్పి తన పుస్తకంలో 'న్యోక్కి అని పిలిచే మాకరోని' అని రాశాడు. పిండి ముక్కలను చీజ్ తురిమే పీట వెనకవైపుకు ఒత్తి తీసేవి అవి. రూపం తెలియాలంటే ఇంకో మాట తోడు రావాల్సిందేనని అప్పటి వంటవాళ్లందరికీ తెలుసు. మర్చిపోయింది మనం.

మాట పుట్టుక మీద రెండు వాదాలు తరచూ వినిపిస్తాయి. చనిపోయినవారి పేరిట పెట్టే భోజనానికి గ్రీకులో ఉన్న 'మకరియా' అన్న మాట నుంచి వచ్చిందని ఒకటి. నలపడం, చిదమడం అనే అర్థమున్న ఇటాలియన్ 'మక్కారె' నుంచి వచ్చిందని ఇంకొకటి. నిఘంటువులు దేన్నీ ఖాయం చేయవు. ఏది నిజమైనా, రెండింటిలోనూ గొట్టం ప్రసక్తి లేదన్నది గమనించాలి.

తీగ మీద గొట్టం

మార్తీనో పద్ధతి ఇంకా బతికే ఉంది. కలాబ్రియాలో 'ఫెర్రెత్తో మాకరోని', సార్డీనియాలో 'బుసా మకర్రోనెస్' అనేవి ఇదే పని. పూర్వం రెల్లు పుల్ల, తర్వాత ఇనుప పుల్ల, గొడుగు ఊచ, అల్లిక సూది, ఏది చేతికందితే అది వాడారు. ఇంట్లో చేసి చూస్తే పాత వంటకాల్లోని చాలా సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి.

డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ సన్న రవ్వపిండి 200 గ్రాములకు గోరువెచ్చని నీళ్లు 90 నుంచి 100 మిల్లీలీటర్లు పడతాయి. పది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. ఆ అరగంటలో రవ్వ నీటిని పీల్చుకుంటుంది. తొందరపడితే పేనేటప్పుడు ముద్ద విరుగుతుంది. తర్వాత చిటికెనవేలి కంటే కాస్త సన్నగా పేని, అయిదారు సెంటీమీటర్ల ముక్కలు చేయాలి. రెండు మూడు మిల్లీమీటర్ల మందమున్న అల్లిక సూదికి పొడిపిండి రాసి, ముక్క మీద నిలువుగా పెట్టి అదిమి, అరచేతులతో ముందుకూ వెనక్కూ రెండు మూడు సార్లు దొర్లించాలి. పిండి సూది చుట్టూ మూసుకుంటుంది. సూదిని కొద్దిగా మెలితిప్పుతూ లాగితే గొట్టం చేతిలో మిగులుతుంది.

ఇక్కడ చెడేది మూడు విధాలుగా. పిండి పల్చనైతే సూది తీయగానే బోలు అతుక్కుపోతుంది. మరీ గట్టిదైతే అతుకు కలవక, ఉడికేటప్పుడు గొట్టం నిలువునా విచ్చుకుంటుంది. అతి తరచుగా జరిగేది మూడోది: బాగా రావాలని ఎక్కువసార్లు దొర్లించడం. దొర్లించిన కొద్దీ పిండి సాగి, సూదికి పట్టేసి, లాగితే చిరుగుతుంది. మన దగ్గర ప్యాకెట్లలో వచ్చే బొంబాయి రవ్వ సాధారణంగా మామూలు గోధుమది. దాన్ని అలాగే వాడితే పలుకు మిగులుతుంది. మిక్సీలో వేసి మెత్తగా చేసి, నీళ్లు కొంచెం కొంచెంగా పోసుకుంటూ కలపాలి. పని అవుతుంది గానీ డ్యూరమ్ ఇచ్చే బిగువు రాదు. అందుకే మార్తీనో తెల్లసొన కలపమన్నాడని అనుకోవచ్చు. తెల్లసొన ఉడకగానే గట్టిపడి గొట్టాన్ని పట్టి ఉంచుతుంది.

అదే వంటకంలో ఆయన వీటిని రెండు గంటలు ఉడికించమన్నాడు. ఇప్పటి ప్యాకెట్ మీద ఏడెనిమిది నిమిషాలని ఉంటుంది కాబట్టి ఇది అచ్చుతప్పని కొందరు అనుకుంటారు. కాదు. చాలా గట్టిగా కలిపి, ఎండలో ఎండబెట్టి, ఏళ్ల తరబడి దాచిన సరుకది. పైగా ఆ కాలపు పెద్దింటి రుచి మెత్తదనం వైపు ఉండేది. పంటికి తగిలేలా దించడం తర్వాతి కాలంలో నేపుల్స్ వైపు నుంచి వచ్చిన అలవాటు. పైన వేసేవి తురిమిన చీజ్, వెన్న, తీపి మసాలాలు. టమాటాతో వెర్మిచెల్లి (సేమ్యాలాంటి సన్న పాస్తా) వంటకం ఇప్పోలితో కావల్కాంతి నేపుల్స్ వంట పుస్తకంలో అచ్చయ్యేసరికి 1839 వచ్చింది.

ముద్ద నుంచి కవిత్వానికి

పదిహేనో శతాబ్దం చివర పదువా నగరంలో తీఫి ఒదాసి అనే కవి 'మకరోనేయా' అనే హాస్య కావ్యం రాశాడు. 1517లో తెయోఫిలో ఫొలెంగో అనే బెనెడిక్టైన్ సన్యాసి మెర్లీన్ కోకాయి అనే మారుపేరుతో ఆ ధోరణిని శిఖరానికి చేర్చాడు. పద్ధతి ఇది: ఊరి మాండలికపు మాటకు లాటిన్ విభక్తి తగిలించి, ప్రాచీన రోమన్ మహాకవి వర్జిల్ వాడిన గంభీరమైన ఛందస్సులో ఇమడ్చడం. 'దోసెస్య', 'చట్నీభిః' అని శార్దూలంలో రాస్తే ఎలా ఉంటుందో అలా. ఐరోపా భాషల్లో రెండు భాషలు కలగలిసిన పద్యాన్ని ఇవాళ్టికీ 'మాకరోని పద్యం' అనే అర్థమొచ్చే పేరుతోనే పిలుస్తారు.

ఆ పేరు ఎందుకన్నది ఫొలెంగోయే 1521 నాటి ముద్రణలో చెప్పాడు. పిండి, చీజ్, వెన్న కలిపి కట్టిన, మొరటైన, మందమైన, పల్లెటూరి తిండి మాకరోని. ఈ కవిత్వమూ అలాంటిదే కనుక ఆ పేరు. మాకరోని చరిత్ర తెలుసుకునేవారికి ఇది వెలలేని వాక్యం. ఒక ఉత్తర ఇటలీ మనిషి పదహారో శతాబ్దం మొదట్లో మాకరోని అంటే ఏమనుకున్నాడో ఇందులో ఉంది: కలిపి కట్టిన ముద్ద. బోలు అన్న ఊహే లేదు. గొట్టాన్ని మనసులో పెట్టుకుని చదివితే, కవిత్వానికి ఆ పేరెందుకో ఎన్నటికీ అర్థం కాదు.

తెలుగువారికి ఇక్కడ మణిప్రవాళం గుర్తుకు రావడం సహజం. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో మణిప్రవాళ పద్యాలు చెప్పాడు. రెండూ భాషల కలయికే అయినా, పేరు వెనకున్న ఉద్దేశం వేరు. మణిని, పగడాన్ని ఒక దండలో గుచ్చితే రెండూ శోభిస్తాయన్నది మనవాళ్ల భావన. ఇటలీ కవులు కావాలనే మొరటుదనాన్ని ఎంచుకున్నారు. పండితుల లాటిన్‌కు వంటింటి పిండి పూయడం వారి లక్ష్యం. ఒకే రకమైన రచనా పద్ధతికి ఒకచోట నగల పేరు, ఇంకోచోట తిండి పేరు రావడం ఆయా సమాజాల్లో శాస్త్రభాష స్థానాన్ని చెబుతుంది.

అప్పటికే ఇటాలియన్‌లో ఈ మాటకు మొద్దు, తెలివితక్కువవాడు అన్న అర్థమూ వచ్చింది. 1711లో ఇంగ్లిష్ వ్యాసకర్త జోసెఫ్ అడిసన్, ప్రతి జాతీ తన విదూషకులకు తనకు ఇష్టమైన తిండి పేరే పెట్టుకుంటుందని రాస్తూ, హాలండ్ వాళ్ల ఊరవేసిన చేపల పక్కన ఇటలీ వాళ్ల మాకరోనిని ఉదాహరణగా చూపాడు.

నేపుల్స్ సొంతం చేసుకుంది

ఇప్పుడు పాస్తా అనగానే నేపుల్స్ గుర్తొస్తుంది గానీ, పదహారో శతాబ్దంలో 'మాకరోని తినేవాళ్లు' అన్న ఎత్తిపొడుపు సిసిలీవారికి ఉండేది. నేపుల్స్ వాళ్లను 'ఆకులు తినేవాళ్లు' అనేవారు. క్యాబేజీ జాతి కూరలు, మాంసం వాళ్ల తిండి. యుద్ధం వల్లనో కరువు వల్లనో పిండి ధర పెరిగినప్పుడు మాకరోని, వెర్మిచెల్లి వంటివి చేయకూడదని నేపుల్స్‌లో 1509లో ఉత్తర్వు ఉండేది. అంటే అప్పటికి అది లేకపోయినా గడిచే తిండి.

పదిహేడో శతాబ్దంలో పరిస్థితి తిరగబడింది. దీన్ని విడమరిచి రాసిన చరిత్రకారుడు ఎమిలియో సెరేని. నగర జనాభా విపరీతంగా పెరిగింది, మాంసం, కూరల సరఫరా చాలలేదు. అదే సమయంలో పిండి మర్దించే యంత్రం, మరతో ఒత్తే అచ్చు యంత్రం వాడుకలోకి వచ్చి ఎండు పాస్తా ధర దిగింది. 'ఆకులు తినేవాళ్లు' కాస్తా 'మాకరోని తినేవాళ్లు' అయ్యారు. బీదవాడి రోజువారీ కడుపు నింపే సరుకు కావడంతో ఆ మాట అన్ని రూపాలనూ మింగేసింది. 1787లో నేపుల్స్ చూసిన జర్మన్ కవి గేటే, మాకరోని అంటే మెత్తని పిండిని రకరకాల ఆకారాల్లోకి ఒత్తినదనీ, ఎక్కడ చూసినా చవగ్గా దొరుకుతుందనీ, నీళ్లలో ఉడికించి చీజ్ తురుము చల్లి ఇస్తారనీ రాసుకున్నాడు. రకరకాల ఆకారాలు అన్న మాటే ఇక్కడ కీలకం.

ఆ పేరు నగరానికే మారుపేరైపోయింది. 1860 వేసవిలో, ఇటలీని ఏకం చేయడానికి పోరాడిన సేనాని గారిబాల్ది సిసిలీని గెలిచి నేపుల్స్ వైపు చూస్తున్నప్పుడు, ఉత్తర ఇటలీలోని పియెమాంత్ రాజ్య ప్రధాని కవూర్ ఒక ఉత్తరంలో మాకరోని ఇంకా ఉడకలేదనీ, బల్లమీదికి వచ్చిన నారింజలను మాత్రం తినే తీరతామనీ రాశాడు. నారింజలంటే సిసిలీ, మాకరోని అంటే నేపుల్స్ రాజ్యం.

అచ్చు చేసిన పని

గొట్టం గెలిచిన కథ అచ్చు బిళ్ల దగ్గర మొదలవుతుంది. జంతికల గొట్టంలో బిళ్ల మారిస్తే అదే పిండి కారప్పూసగానో జంతికగానో దిగినట్టు, పాస్తా యంత్రంలోనూ రూపాన్ని నిర్ణయించేది కంచు బిళ్ల రంధ్రమే. నిండు పోగుకు ఉత్త రంధ్రం చాలు. బోలు రావాలంటే రంధ్రం నడుమ ఒక సన్న కడ్డీ నిలబడాలి, ఆ కడ్డీని పట్టుకోవడానికి రెండు మూడు చిన్న చేతులుండాలి. దిగే పిండి ఆ చేతుల దగ్గర చీలిపోయి, వాటిని దాటాక ఒత్తిడికి మళ్లీ అతుక్కుని గొట్టమవుతుంది. పిండిలో తేమ చాలకపోయినా, ఒత్తిడి తగ్గినా ఆ అతుకులు సరిగా కలవవు. ప్యాకెట్‌లో బాగానే కనిపించిన గొట్టం ఉడికాక నిలువునా చీలేది అక్కడే. మన కిరాణా కొట్టు మాకరోనికి వంపు కూడా బిళ్లలోనే వస్తుంది. కడ్డీకి ఒక పక్క చిన్న గాడి కోస్తే ఆ వైపు పిండి వేగంగా దిగుతుంది, రెండో వైపు వెనకబడుతుంది, దాంతో గొట్టం వంగుతుంది. కింద తిరిగే కత్తి కావలసిన పొడవుకు కోస్తుంది.

చేత్తో తీగ మీద దొర్లిస్తే గంటకు కొన్ని వందలు వస్తే గొప్ప. అచ్చులో గొట్టం తీయడానికీ పోగు తీయడానికీ శ్రమలో తేడా లేదు. పైగా బోలు ఉంటే లోపలినుంచీ గాలి తగులుతుంది, నీళ్లలో లోపలినుంచీ ఉడుకుతుంది. గొట్టం మామూలు సరుకైపోయి, ఇటలీ బయటికి వెళ్లిన మాకరోని అంటే అదే అన్నట్టయింది.

ఎండబెట్టడంలోనే నేపుల్స్ చుట్టుపక్కల గ్రన్యానో, తొర్రె అన్నుంత్సియాతా ఊళ్ల పేరు నిలిచింది. పని మూడు దశలు. ముందు ఎండలో పైపొర బిగిసేలా ఆరబెడతారు. తర్వాత చల్లటి తేమ గదుల్లో ఉంచి, లోపలి తేమను పైకి రానిస్తారు. ఆ పైన నీడలో గాలికి రోజుల తరబడి ఆరనిస్తారు. నడిమి దశ వదిలేస్తే పైపొర కుంచించుకుపోతుంది, లోపల తడి మిగిలి వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, నీళ్లలో వేయగానే ముక్కలవుతుంది. మరీ నెమ్మదిగా ఆరబెడితే పులుస్తుంది, బూజు పడుతుంది. కొండకూ సముద్రానికీ నడుమ మారే గాలుల వల్ల ఆ ఊళ్లకు ఈ దశలు సులువయ్యాయి. ఇప్పుడు ఇటలీలో ఎండు పాస్తాలో తేమ 12.5 శాతం మించకూడదన్నది చట్టం. డ్యూరమ్ గోధుమే వాడాలని 1967 నాటి చట్టం చెప్పింది.

లండన్ కుర్రాళ్లు, అమెరికా పాట

1760లలో ఇటలీ యాత్ర చేసి వచ్చిన ఇంగ్లండ్ సంపన్న యువకులు అక్కడి తిండిని, వేషాన్ని వెంట తెచ్చుకున్నారు. 1764లో ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్ ఒక ఉత్తరంలో మాకరోని క్లబ్బును ప్రస్తావించి, పొడవాటి ఉంగరాల జుట్టు, చిన్న దుర్భిణులు పెట్టుకున్న యాత్రికులతో అది నిండి ఉందన్నాడు. పదేళ్లలోపే 'మాకరోని' అంటే ఎత్తైన విగ్గు, దాని మీద చిట్టి టోపీ, బిగుతు కోటు వేసుకునే షోకిల్లారాయుడు. లండన్‌లో డార్లీ దంపతులు 1770ల మొదట్లో వీరి మీద వ్యంగ్యచిత్రాలు అచ్చేసి అమ్మారు.

'యాంకీ డూడుల్' పాటలో టోపీకి ఈక గుచ్చుకుని దాన్ని మాకరోని అన్నాడన్న చరణం పిల్లలకు వింతగా ఉంటుంది. అది తిండి మాట కాదు. ఒక్క ఈక పెట్టుకుంటే లండన్ ఫ్యాషన్ వచ్చేసిందనుకునే అమెరికా పల్లెటూరి మనిషిని వెక్కిరించడం. దక్షిణ సముద్రాల్లో పసుపు కుచ్చు తలకట్టున్న పెంగ్విన్‌ను ఇంగ్లిష్ నావికులు మాకరోని పెంగ్విన్ అన్నదీ ఈ అర్థంతోనే.

అదే కాలంలో తిండి అర్థమూ పక్కనే సాగింది. ఎలిజబెత్ రాఫల్డ్ 1769 వంట పుస్తకంలో మాకరోనిని మెత్తగా ఉడికించి, మీగడ, వెన్నతో కలిపి, పైన కాల్చిన పార్మెజాన్ వేసే వంటకం ఉంది. థామస్ జెఫర్సన్ 1787లో మాకరోని యంత్రం బొమ్మ గీసుకున్నాడు. 1789లో తన కార్యదర్శి విలియం షార్ట్ చేత నేపుల్స్ నుంచి అచ్చు తెప్పించుకున్నాడు. అయినా మామూలు అమెరికన్‌కు అది కొత్తే. 1802లో, అప్పటికి అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ ఇంట విందుకు వెళ్లిన మనాసె కట్లర్, మాకరోని అనే పేరుతో వడ్డించినదాంట్లో ఉల్లికాడలున్నాయనుకున్నాడు. పిండితో చేసినవని పక్కనున్నవారు చెప్పాల్సి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త మార్క్ కార్ల్‌టన్ రష్యా నుంచి తెచ్చి ప్రచారం చేసిన డ్యూరమ్‌ను 'మాకరోని గోధుమ' అన్నారు. అక్కడి పాస్తా తయారీదారులందరి సంఘం పేరులోనూ మాకరోనే ఉండేది. 'పాస్తా' అని మార్చుకునేసరికి 1980లు వచ్చాయి. ఆ పరిశ్రమ పత్రిక 'మాకరోని జర్నల్' 1929లో వేసిన కల్పిత కథే మార్కో పోలో పుకారుకు ఊపిరి పోసింది.

అమెరికా ఆహార నియమావళిలో ఈ మాట రెండు అర్థాలూ ఒకేచోట ఇప్పటికీ కనిపిస్తాయి. 'మాకరోని ఉత్పత్తులు' అన్న శీర్షిక కింద ఎండు పాస్తా రకాలు ఉంటాయి. అదే సెక్షన్‌లో లోపలికి వెళితే, 0.11 అంగుళాలు దాటి 0.27 అంగుళాల లోపు మందమున్న బోలు గొట్టమే మాకరోని, 0.06 నుంచి 0.11 అంగుళాల మధ్య ఉంటే స్పాగెట్టి, 0.06 అంగుళాలు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు మించని నిండు పోగు వెర్మిచెల్లి. మన సేమ్యా ప్యాకెట్ మీద ఇంగ్లిష్‌లో ఉండేది ఈ చివరి మాటే.

బాదం వైపు వెళ్లిన పాయ

ఫ్రెంచి వాళ్లు ఇదే మాటను 'మకరోన్' అని తీసుకుని బాదం పొడి, చక్కెర, తెల్లసొన ముద్దకు పెట్టారు. ఫ్రెంచి రచయిత రాబ్లే 1552 నాటి తిండి జాబితాలో అది ఉంది. అక్కడి నుంచి ఇంగ్లిష్ 'మాకరూన్' వచ్చింది. తూత్తుకుడిలో జీడిపప్పు, తెల్లసొనలతో చేసే మాకరూన్ ఈ వంశంలోదే. పిండిముద్దకూ బాదంముద్దకూ ఒకే పేరు రావడం, ముద్ద అన్న అర్థం పాతదనడానికి ఇంకో ఊతం.

వంటకం చదివేటప్పుడు

పాత వంటకమో, పరదేశపు వంటకమో మాకరోని అంటే ముందు చూడాల్సినవి రాసిన ఊరు, కాలం. 1600కు ముందుదై, చక్కెర, దాల్చినచెక్క వేయమంటే ఉండలో పట్టీలో అయ్యే అవకాశమే ఎక్కువ. వంకర గొట్టాలు వేస్తే ఆ రుచి రాదు. తీగ మాటో, బోలు మాటో ఉంటేనే గొట్టమనుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దపు నేపుల్స్ రాతల్లో అయితే ఏ పాస్తా అయినా కావచ్చు. వేళ్లతో ఎత్తి నోట్లోకి జారవిడిచారని ఉంటే పొడవాటివి.

ఇప్పటి వంటకాలకూ ఇదే జాగ్రత్త. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకు ప్యాకెట్ మీది అరబ్బీ మాట చూసి మాకరోని అనుకుని ఇంటికి తెస్తే లోపల స్పాగెట్టి ఉండొచ్చు; బొమ్మ చూసి కొనాలి. గ్రీకు పాస్తీత్సియోకు మాకరోని అంటే పొడవాటి లావు గొట్టాలు. వాటిని పళ్లెంలో ఒకే వైపుకు పేర్చి, పైన మాంసం, ఆపైన చిక్కటి తెల్ల సాస్ పోసి కాలుస్తారు. పొట్టి వంకరవి వాడితే ముక్క కోసినప్పుడు అడుగుపొర నిలవక కూలిపోతుంది. పొడవాటి గొట్టాలు దొరకకపోతే లావు స్పాగెట్టి వాడటం మేలు. ప్యాకెట్ మీద చెప్పిన సమయం కంటే రెండు నిమిషాలు ముందే దించి, గుడ్డు తెల్లసొన, కొంత చీజ్ కలిపి పేర్చితే పొర గట్టిగా పట్టుకుంటుంది.